మనం తుడిచేసిన పాటలనూ లెక్కలో వేయాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఈ మధ్య మీ లేఖల శీర్షికలో సినిమా పాటల గురించి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే మాట చెప్పాయి. ఘంటసాల, సుశీల పాడిన రోజులు పోయాయని, ఇప్పుడు వినిపిస్తున్నది పాట కాదు, రొద అని వాటి సారాంశం. రాసినవారి బాధ నిజమైనదే. నాకూ అరవై ఎనిమిదేళ్లు నిండాయి. నాకు ప్రాణమైన పాటల్లో ఎక్కువ భాగం నా ముప్పయ్యో ఏటికి ముందు వచ్చినవే. అయినా ఆ తీర్పును నేను ఒప్పుకోలేను. 1983 నుంచి 2002 దాకా తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో కేసెట్ల రికార్డింగ్ దుకాణం నడిపినవాణ్ని కనుక, ఈ విషయంలో నేను కళ్లారా చూసింది కొంత ఉంది. దాన్ని పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ దుకాణాలు ఎలా ఉండేవో నలభై దాటినవారికి గుర్తుండే ఉంటుంది. కావలసిన పాటలు చీటీ మీద రాసుకొని వచ్చి, ఖాళీ కేసెట్టు కొని ఇచ్చి వెళ్తే, మేము ఎల్పీ రికార్డుల నుంచి వాటిని ఎక్కించి మర్నాడు ఇచ్చేవాళ్లం. అరవై నిమిషాల కేసెట్టులో రెండు వైపులా కలిపి పన్నెండు, పదమూడు పాటలు పట్టేవి. అలా ఎక్కించి అమ్మడం కాపీరైట్ హక్కుల చట్టానికి విరుద్ధమని నాకు తరువాత తెలిసింది. ఆ రోజుల్లో ఊరూరా అదే జరిగేది. కేసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. పాటలతో సహా కంపెనీ నుంచి వచ్చిన కేసెట్లకు, పొరపాటున పాట చెరిగిపోకుండా, ఆ రేకులు ముందే తీసేసి ఉంటాయి. ఆ గుంటల మీద కాగితం ముక్క అంటిస్తే చాలు, దాని మీద మళ్లీ రికార్డు చేయవచ్చు. ఆరు నెలల కిందట ఎగబడి కొన్న సినిమా కేసెట్టునే వెనక్కి తెచ్చి, "ఇందులోవి తుడిచేసి వేరేవి ఎక్కించన్నా" అని అడిగేవారు రోజుకు ముగ్గురో నలుగురో ఉండేవారు. అలా పందొమ్మిదేళ్లలో నేను ఈ చేతులతో తుడిచిన పాటలు వేలల్లో ఉంటాయి.

ఆ పాటలు ఎలాంటివో నాకు బాగా గుర్తు. పాట పాటకూ మారని ఒకే దరువు, ప్రాస కోసం తెచ్చి అతికించిన అర్థం లేని మాటలు, హిందీ నుంచో ఇంగ్లీషు నుంచో ఎత్తుకొచ్చిన వరుసలు, ఆడవాళ్లను చిన్నబుచ్చే పల్లవులు, ఇలా ఇవాళ్టి పాటల మీద మనం మోపుతున్న ప్రతి దోషమూ వాటిలో ఉండేది. అవి ఈరోజు ఎవరి చెవినా పడవు కనుక అసలు పుట్టనే లేదన్నట్టు మాట్లాడుతున్నాం. నలభై, యాభై ఏళ్లు జల్లెడ పట్టగా పైన నిలిచిన గింజలను, పోయిన శుక్రవారం విడుదలైన సినిమాలోని ఐదు పాటల పక్కన పెట్టి తూస్తే తూకం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? ఆ జల్లెడ కింద పడిన పొట్టును ఎత్తిపోసినవాణ్ని నేను. అప్పుడు ఎంత పొట్టు ఉండేదో నాకు తెలుసు.

పాట దిగజారిపోయిందన్న నింద కూడా కొత్తది కాదు. మనం ఇవాళ స్వర్ణయుగం అని చెప్పుకుంటున్న కాలాన్నే తీసుకోండి. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు జనం అభిరుచిని పాడు చేస్తున్నాయని గట్టిగా నమ్మారు. ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమా పాట వినపడకుండా పోయింది. శ్రోతలు ఆ పాటలు వేసే రేడియో సిలోను (ఇప్పటి శ్రీలంక రేడియో) వైపు తిరిగారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించి, ఆకాశవాణి ఆ పాటలను తిరిగి పిలుచుకోవలసి వచ్చింది. ఘంటసాల గొంతు తెలుగు దేశమంతా మారుమోగుతున్న రోజులవి. ఆనాటి పెద్దలు చెవులు మూసుకున్న పాటలే ఈనాటి పెద్దలకు కొలబద్దలయ్యాయి. ఇంకా వెనక్కి పోతే, తన పదాలను అనుకరించి పాటలు అల్లేవారిని అన్నమాచార్యులే ఒక సంకీర్తనలో గట్టిగా మందలించారు. ఐదు వందల ఏళ్ల కిందట మన కొండ కింద కూడా ఈ ఫిర్యాదు ఉంది.

అన్నమయ్య పేరు ఎత్తాను కనుక మన ఊరికి సంబంధించిన మరో సంగతి చెప్పాలి. తిరుమల ఆలయంలో దొరికిన రాగిరేకుల మీద సంకీర్తనల సాహిత్యం ఉంది, రాగాల పేర్లు ఉన్నాయి, స్వరాలు లేవు. కనుక తిరుపతిలో ఇంటింటా వినిపించే అన్నమయ్య పాటల వరుసల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కూర్చినవే. అనాదిగా వస్తున్నదని మనం చేతులు జోడించి వినే వరుస మన కాలపువారు కట్టినది కావచ్చు. మంచి వరుస కట్టగల శక్తి ఫలానా ఏడాదితో ఆగిపోయిందని ఈ ఊళ్లో ఉండి అనడం నాకు సరిగా తోచదు.

అయితే ఇప్పటి పాటకు జరిగిన నష్టం ఏదీ లేదని నేను అనడం లేదు. ఒక నష్టం ఉంది, అది చాలా పెద్దది. దానికీ నా దుకాణంలో సాక్ష్యం ఉండేది.

రికార్డింగ్ డెక్కు ముందు భాగంలో చిన్న అద్దాల వెనుక రెండు ముళ్లు ఉండేవి. పాట ఎంత గట్టిగా వస్తున్నదో అవి చూపిస్తాయి. పాత ఎల్పీ నుంచి పాట ఎక్కించాలంటే, ముందు ఆ పాటలో అన్నిటికంటే పెద్దగా మోగే చోటు ఏదో వెతికి పట్టుకోవాలి. అక్కడ ముల్లు ఎర్ర గీత దాటకుండా మీట సర్దుకోవాలి. ఆ తరువాతే మొదటి నుంచి మొదలుపెట్టాలి. పల్లవికి ముందు వయొలిన్లన్నీ ఒక్కసారి లేచినప్పుడు ముల్లు కుడివైపు దూకేది. గాయని ఒంటరిగా గొంతు తగ్గించి మొదటి మాట అనగానే అది దాదాపు అడుక్కి పడిపోయేది. ఆ క్షణంలో కేసెట్టు సొంత రొద సన్నగా వినిపించేది. కొనుక్కున్నవారు దాని గురించి ఫిర్యాదు చేసేవారు కూడా. నేను మాత్రం ముల్లు లేవడం, పడడం చూస్తూ అర్ధరాత్రి దాకా కూర్చునేవాణ్ని. పాట ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేది.

తొంభైల చివర సీడీల నుంచి ఎక్కించడం మొదలుపెట్టాక ఆ ముల్లు కదలడం మానేసింది. పాట మొదలు కాగానే కుడివైపుకు పోయి, ముగిసేదాకా అక్కడే ఆనుకొని ఉండేది. కారణం సులభంగానే చెప్పవచ్చు. మెల్లగా ఉన్న భాగాలను పైకి లాగి, పెద్దగా ఉన్న భాగాలను అణచి, మొత్తాన్ని ఒకే ఎత్తుకు తెచ్చే పరికరాలు వచ్చాయి. పక్క పాటకంటే మన పాట గట్టిగా మోగితే జనం చెవి అటు తిరుగుతుందని ప్రపంచమంతటా ఇదే పోటీ నడిచింది. నిజానికి సీడీలో కేసెట్టు రొద లేదు కనుక, నిశ్శబ్దాన్ని నిశ్శబ్దంగా వినిపించే అవకాశం మనకు మొదటిసారి దక్కింది. దక్కిన అవకాశాన్ని మనమే పూడ్చేశాం. ఇప్పుడు స్పాటిఫై వంటి సేవలు అన్ని పాటలనూ తామే ఇంచుమించు ఒకే స్థాయికి సర్ది వినిపిస్తున్నాయి కనుక, గట్టిగా మోగించినందువల్ల పాటకు దక్కే లాభం చాలావరకు పోయింది. అయినా పాత అలవాటు వదలలేదు. ఇవాళ్టి పాట వింటే తల నొస్తుందని చెప్పే పెద్దలు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఆ నొప్పికి కారణం వరుసలోనో, పాడేవారి ప్రతిభలోనో లేదు. ఎక్కడా దిగని, ఎక్కడా ఆగని ఆ ఒకే ఎత్తులో ఉంది.

పాట పొట్టిదైపోయింది, చరణాలు తగ్గిపోయాయి అన్న మాట కూడా తరచుగా వింటున్నాం. 30 సెకన్లు విన్నాకే దాన్ని ఒకసారి విన్నట్టు లెక్కగట్టే కాలంలో, ఆ 30 సెకన్లలోపే ఆకట్టుకోవాలన్న తొందర స్వరకర్తలకు ఉండడం సహజం. దానికి నేనూ విచారిస్తాను. కానీ మన పెద్దల కాలపు పది అంగుళాల గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మూడుంపావు నిమిషాలకు మించి పట్టేది కాదు. ఆ కాలపు పాటలు ఆ కొలతకు లోబడే తయారయ్యాయి, కొన్ని సినిమాలో ఉన్నంత నిడివి లేకుండానే రికార్డుకెక్కాయి. పెట్టె ఎంతో పాట అంత అన్న నియమం అప్పుడూ ఉంది. ఆ మూడు నిమిషాల్లోనే వారు చేయగలిగినది చేశారు.

ఉచ్చారణ విషయంలో మాత్రం ఫిర్యాదుదారుల పక్షాన నిలబడతాను. "ళ"కూ "ల"కూ తేడా తెలియని గొంతులను ఒప్పుకోవలసిన అవసరం మనకు లేదు. పరభాషా గాయకులు రావడమే తప్పని కొందరు రాశారు, అది సరికాదు. మహమ్మద్ రఫీ మన సినిమాలకు పాడారు, లతా మంగేష్కర్ పాడారు, ఏసుదాసు, చిత్ర పాడారు. పక్కన కూర్చొని అక్షరం అక్షరం దిద్దే మనిషి ఉంటే ఎవరైనా పాడగలరు. ఆ మనిషికి సమయం ఇవ్వాలి, జీతం ఇవ్వాలి. ఆ ఖర్చు దగ్గర చేయి వెనక్కి తీసుకుంటున్నారని నా అనుమానం.

చివరిగా ఒక అనుభవం రాస్తాను. పోయిన నెల చిత్తూరులో మా బంధువుల ఇంటి పెళ్లికి వెళ్లాను. రిసెప్షన్‌లో మనిషెత్తు బాక్సులు పెట్టి కొత్త పాటలు వేశారు. గుండెల మీద దెబ్బలు తప్ప నాకు ఏమీ వినిపించలేదు. పక్కవారితో ఒక్క మాట మాట్లాడే వీలు లేక భోజనం కాగానే బయటికి వచ్చేశాను. ఇలాంటి పాటలు ఎలా వింటారమ్మా అని కారులో నా మనవరాలిని అడిగాను. ఆ అమ్మాయి వాదించలేదు. లోపల వేసిన పాటల్లోనే ఒకటి ఫోనులో పెట్టి, తన ఇయర్‌ఫోన్లు నా చెవులకు తగిలించింది. రెండో చరణం ముందు, డప్పు ఒక్క ఆవర్తం ఆగిన చోట, వీణ మీద నాలుగు స్వరాల పలుకు ఒకటి ఉంది. చివరి స్వరాన్ని కొంచెం లాగి వదిలిన తీరు వింటే, అది మిషన్ వాయించినది కాదని, ఏళ్ల తరబడి సాధన చేసిన చేయి అని తెలుస్తుంది. హాలులో కూర్చొని అదే పాట విన్నాను. ఆ వీణ ఉన్నట్టే తెలియలేదు. పాకాల దాటేదాకా దాన్నే మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాను.

ఆ వాయించినవారు ఎవరో కనుక్కొమ్మని మనవరాలిని అడిగాను. ఫోనులో ఆ పాట కింద హీరో పేరు, సంగీత దర్శకుడి పేరు, గాయకుడి పేరు, కంపెనీ పేరు ఉన్నాయి. వీణ వాయించినవారి పేరు లేదు. పాత రికార్డుల మీదా వాద్యకారుల పేర్లు ఉండేవి కావు. మద్రాసు స్టూడియోల్లో నలభై, యాభై మంది ఒకేసారి కూర్చొని, ఒకరు తప్పితే అందరూ మొదటి నుంచి వాయించిన ఆ తరం వారిలో ఎందరి పేర్లో మనకు తెలియకుండానే పోయాయి. అప్పుడు అట్ట మీద చోటు లేదన్నారు. ఇప్పుడు ఆ కారణం చెప్పడానికి వీల్లేదు. మీ పత్రికలో ప్రతి వారం కొత్త సినిమాల పాటల సమీక్ష వస్తున్నది కదా. ఇకపై ఆ సమీక్షలో ఏ పాటకు ఎవరు ఏ వాద్యం వాయించారో నిర్మాతలను అడిగి తెలుసుకొని, ఒక్క వరుస అయినా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
కేసెట్ల దుకాణం నడిపిన ఒక పాఠకుడు,
తిరుపతి.