సినిమా సమీక్షలో వయసు మాటేది?

సంపాదకులు గారికి నమస్కారములు.

నలుగురు స్నేహితులు కారు వేసుకుని గోవాకు బయలుదేరి, దారిపొడవునా తాగుతూ, తిట్టుకుంటూ, అమ్మాయిల వెంటపడుతూ నవ్వించే చిత్రం ఒకటి ఈమధ్య ఓటీటీలోకి వచ్చింది. మీ సినిమా పేజీ దాన్ని కుర్రకారుకు పండగేనని మెచ్చుకుంది గానీ, ఏ వయసు కుర్రకారుకో చెప్పలేదు. ఒడియా, ఇంగ్లిషు బడుల్లో చదివే, ఒడిశాలోని మా కోరాపుట్, జయపురం పిల్లలకు తెలుగుతో మిగిలిన బంధం చాలావరకు సినిమాయే కనుక, ఇది మాకు చిన్న విషయం కాదు.

ఆ చిత్రానికి ఇచ్చిన గుర్తు యూ/ఏ 16+, అంటే పదహారు నిండనివారు పెద్దల మార్గదర్శనంలోనే చూడవలసినది. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం 13+, ఆపై వర్గాల చిత్రాలకు ఓటీటీ సంస్థలు పేరెంటల్ లాక్ (పిల్లలు చూడకుండా పెద్దలు వేసే తాళం) సదుపాయం కల్పించాలి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి థియేటర్ చిత్రాలకూ 7+, 13+, 16+ విభజన తెచ్చారు. ఏర్పాటు మంచిదే, కాకపోతే మన ఇళ్లలో ఆ లాక్ పెట్టడం తెలిసింది పిల్లలకే.

నా మట్టుకు బూతు మాటలు పెద్ద అభ్యంతరం కాదు. పదో తరగతి పిల్లలు అంతకంటె ఘాటైనవి ఆటస్థలంలోనే వింటారు. నాకు మింగుడుపడనిది లాడ్జి సన్నివేశం. బట్టలు మార్చుకుంటున్న అమ్మాయిని కిటికీలోంచి ఫోనులో చిత్రీకరించి, ఆ వీడియోను మిత్రులంతా ఎగబడి చూస్తారు. ఆమె వచ్చి చెంప పగలగొడితే అదీ నవ్వులాటే, తరువాతి పాటలో ఆమే అతని పక్కన కారులో కూర్చుంటుంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద ఇది తొలిసారికే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. ఆ సంగతి పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ చిత్రంలో ఎక్కడా తెలియదు. ఇక సీసా ఒక చేత, స్టీరింగు ఒక చేత పట్టుకుని కొండమలుపులు తిప్పడం, సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా రాకపోకలు సాగించే మాకు నవ్వు తెప్పించదు.

పదహారు దాటినవారు పెద్దల పక్కన కూర్చుని చూడవచ్చుననీ, ఇద్దరికీ ఇబ్బంది కలిగితే కలగనిచ్చి ఆ తరువాత మాట్లాడుకోవచ్చుననీ, అంతకు చిన్నవారికి మాత్రం వద్దనీ నా అభిప్రాయం. మీరు సమీక్ష చివర వేసే నక్షత్రాల పక్కనే వయసు వర్గాన్ని ముద్రించి, మద్యం, అశ్లీల సంభాషణ, అమ్మాయిలను హేళన చేసే సన్నివేశాలు ఏ మేరకు ఉన్నాయో రెండు వాక్యాల్లో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకుడు, కోరాపుట్