ఆదివారం స్టడీ: లిడియా నేల మీద మూడు సంఘాలు

అందరికీ వందనాలు 🙏

ఈ ఆదివారం ఆరాధన అవ్వగానే 11:30కి పై హాల్లో కలుద్దాం. ప్రకటన 2, 3 అధ్యాయాలు చదువుకుని రండి.

ఏడు సంఘాల్లో తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ పాత లిడియా రాజ్యం (ఇప్పటి పశ్చిమ టర్కీ) నేల మీదవే. ఎక్కువసేపు సార్దీస్ మీదే ఉంటాం. క్రీ.పూ. 546 ప్రాంతంలో లిడియా రాజు క్రీసస్ ఉన్న సార్దీస్ కోట పారసీక రాజు కోరెషు చేతికి చిక్కింది. కావలి సైనికుడొకడు జారిపడ్డ శిరస్త్రాణం కోసం కొండ దిగాడట; అది చూసి పారసీకులు అదే దారిన ఎక్కేశారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఇది తెలిశాక, సార్దీస్ సంఘంతో ‘మెలకువగా లేకపోతే దొంగలా వస్తాను’ అన్న ప్రకటన 3:3 మళ్లీ చదవండి!

ఊదారంగు అమ్మిన తుయతైర లూదియ (అపొ. కార్య. 16) గురించి అక్కలెవరైనా ఐదు నిమిషాలు మాట్లాడాలి. శనివారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి.

బైబిల్, పెన్ను మర్చిపోవద్దు. టీ ఉంది, గ్లాసులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.