రాణిగారి స్టీరింగ్ బాగైంది!

చిత్తూరు,
ఆదివారం పొద్దున

ఒరేయ్ బోండా,

ఇన్నాళ్లూ నీ మెసేజ్‌లకి రెండేసి ముక్కల్లో జవాబు ఇచ్చినందుకు కోపం తెచ్చుకోకు. ఇది ఫోన్లో టైపు చేసే సంగతి కాదు. మీ బావ ఇవాళ మధ్యాహ్నం చెన్నై పోయి కువైట్ ఫ్లైటెక్కుతున్నాడని తెలిసి, ఊరిబిండి డబ్బాతో పాటు ఈ కాగితాలు కూడా పంపుతున్నా.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాళ్లు కాస్త నయం. చెల్లెలు ఇంటర్ పాసైంది. మామిడి గురించి మాత్రం అడగొద్దు, తోతాపురి ధర వింటే నీకు అన్నం సహించదు. మీ నాన్న మొన్న గాంధీ రోడ్డులో కనిపించాడు, మనిషి హుషారుగా ఉన్నాడు. అంతే.

ఇప్పుడు అసలు విషయం. రాణిగారి, అదే మా పాత ప్రీమియర్ పద్మిని కారు, స్టీరింగ్ బాగైందిరా! బాగైందంటే అట్టా ఇట్టా కాదు, నాన్న నడిపి చూసి "కొన్నప్పుడు ఇట్టనే ఉండింది" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడమంటే ఏమిటో నీకు నేను చెప్పాలా?

చిత్తోడ్ రాణి పద్మిని పేరున్న కారు చిత్తూరులో కాక ఇంకెక్కడ ఉండాలని పేరు పెట్టింది నువ్వే. నువ్వు డ్రైవింగ్ నేర్చుకున్నదీ దీంట్లోనే. (ఆ రోజు కట్టమంచి చెరువు దగ్గర జరిగింది ఇక్కడ రాయను, మీ బావ చదివినా చదువుతాడు.) అప్పట్లోనే స్టీరింగ్‌లో కొంచెం ప్లే, అంటే వదులు, ఉండేది. పోను పోను ముదిరిపోయింది. స్టీరింగ్ నాలుగు వేళ్ల మేర తిప్పినా ముందు చక్రం కదిలేది కాదు. నేరుగా పోవాలన్నా పాత సినిమాల్లో హీరో కారు నడిపినట్టు ఎడమకీ కుడికీ ఊపుతూనే ఉండాలి.

తిరుపతిలో ఒక గ్యారేజీలో చూపించాం. పేరెందుకులే. బానెట్ ఎత్తారు, స్టీరింగ్ బాక్స్ మీద ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని బిగించారు, లాక్ నట్ వేశారు, డబ్బులు తీసుకున్నారు. ప్లే తగ్గింది. మేమూ సంతోషపడ్డాం. తర్వాత పలమనేరు పెళ్లికి పోతూ మొగిలి ఘాట్‌లో మలుపు తిప్పానురా, స్టీరింగ్ వెనక్కి రాలేదు. మలుపు తిరిగాక చేతులు వదులు చేస్తే చక్రం తనంతట తాను నేరుగా రావాలి కదా? అక్కడే బిగుసుకుపోయింది. ఎదురుగా లారీ. రెండు చేతులతో లాగి తిప్పాను. వెనక సీట్లో అమ్మ ఉంది, అమ్మ ఒళ్లో అక్క కూతురు... సరే, వదిలేయ్. ఇప్పుడు తలుచుకున్నా కాళ్లలో వణుకు వస్తోంది.

ఆ తర్వాత ఇంట్లో అందరిదీ ఒకటే మాట, తూకానికి అమ్మేయమని. నాన్న ఏమీ అనలేదు. రోజూ పొద్దున బండి తుడవడం మాత్రం మానలేదు. నాకది చాలా కష్టమనిపించింది.

అప్పుడు దొరికాడు భాయ్. గ్రీమ్స్‌పేటలో చిన్న షెడ్డు, బోర్డు కూడా లేదు. చిన్నప్పటి నుంచీ ఫియట్లే చేశాడట. 1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైట్ నుంచి చివరి పద్మిని దాకా కింద సామానంతా ఒకే వరస అంటాడు. ఆయన బానెట్ ఎత్తనే లేదు! బండిని గుంత మీద పెట్టించి, చక్రాలు నేల మీదే ఉండాలన్నాడు. జాకీ మీద ఎత్తితే బరువు పోయి, ఉన్న ప్లే దాక్కుంటుందట. నన్ను లోపల కూర్చోబెట్టి, స్టీరింగ్‌ని ఆ ప్లే ఉన్నంత మేరకే మెల్లగా ఇటూ అటూ ఆడించమన్నాడు. ఆయన కింద నుంచి ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూశాడు. కంటికి కనపడని కదలిక వేలికి తెలుస్తుందన్నాడు. కాసేపటికి కింద నుంచే అరిచాడు: "బాబూ, ఇది ఒక్క తావులో లేదు. అందరూ తలా కొంచెం తిన్నారు!"

నన్నూ కిందకి పిలిచి చూపించాడు. స్టీరింగ్ బాక్స్‌ని ఛాసిస్‌కి పట్టుకునే బోల్టులు వదులు. స్టీరింగ్ తిప్పితే ముందు బాక్సే కదులుతోంది, ఆ తర్వాతే డ్రాప్ ఆర్మ్, అంటే బాక్స్ నుంచి కిందకి వచ్చి రాడ్లని కదిపే చెయ్యి. ఎడమ పక్క దానికి జతగా ఉండే ఐడ్లర్ ఆర్మ్ బుష్ (లోపలి గొట్టం లాంటి ముక్క) అరిగిపోయి, రెండు ఆర్మ్‌లనీ కలిపే సెంటర్ రాడ్ పక్కకి పోవాల్సింది పోయి ముందు కిందకీ మీదకీ ఆడుతోంది. చక్రాలని తిప్పే టై రాడ్ల చివర ఉండే జాయింట్లు, టై రాడ్ ఎండ్లలో, రెండు పోయాయి. తిరుపతి వాళ్లు వీటిలో ఒక్కటీ చూడలేదు. వీటన్నిటి వదులూ కలిపి ఆ ఒక్క స్క్రూ మీద తీర్చారు!

ఆ స్క్రూ సంగతి భాయ్ చెప్పింది నీకు చెప్పి తీరాలి. బాక్స్ లోపల ఉండే వర్మ్ గేర్ (స్క్రూ మరల్లాంటి పళ్లుండే గేరు) మధ్యలోనే ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే బండి ఎక్కువ సేపు నేరుగానే పోతుంది కదా. చివర్లు అంతగా అరగవు. మధ్యలో ఉన్న వదులంతా పోయేదాకా బిగిస్తే, మలుపులో అరగని చోటికి రాగానే పట్టేస్తుంది. మొగిలి ఘాట్‌లో జరిగింది అదే. వింటుంటే ఒళ్లు మండింది. బిగించాక ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కసారి తిప్పి చూసి ఉంటే అక్కడే తెలిసేది.

బాక్స్ విప్పితే లోపల నూనె లేదు, గ్రీజు కుక్కి ఉంది. కింద సీల్ కారుతుంటే సీల్ మార్చకుండా గ్రీజు పెట్టేశారు ఎవరో. గ్రీజు ఒకసారి పక్కకి జరిగితే మళ్లీ పళ్ల మధ్యకి రాదు, అందుకే అంత అరుగుడు. కిరసనాయిలుతో కడిగి, కొత్త సీల్ వేసి, 90 నంబరు గేర్ ఆయిల్ పోశాడు. అదృష్టం, పళ్లు పూర్తిగా చెడిపోలేదు.

టై రాడ్ ఎండ్ల కోసం నేను పాత బండ్ల సామాన్లు దొరికే చెన్నై పుదుపేట పోయా. ఆ సందులు తిరుగుతుంటే నువ్వు పక్కన ఉండాల్సింది అనిపించిందిరా! ఐడ్లర్ బుష్ మాత్రం దొరకలేదు. లేత్‌లో గన్‌మెటల్‌తో (కంచు లాంటి లోహం) చేయించాడు భాయ్. బిగుతు సరిపోయిందాకా రీమర్ (కన్నాన్ని కొంచెం కొంచెం పెద్దది చేసే పనిముట్టు) పెట్టి కొంచెం కొంచెం తీస్తూ, ఆర్మ్ వేసి చూస్తూ, మళ్లీ తీస్తూ. టీ చల్లారిపోయినా చూసుకోలేదు మనిషి.

పాత ఎండ్లు ఊడదీసే పద్ధతి చూడాలి నువ్వు. నట్ వదులు చేసి, జాయింటు దూరిన కన్నానికి రెండు పక్కలా రెండు సుత్తులతో ఒకేసారి కొట్టాడు. టక్‌మని ఊడొచ్చింది. మరలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి సుద్దముక్కతో రాసుకున్నాడు, కొత్తది కూడా అన్నే చుట్లు. తర్వాత వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం లాగి, ముందు చక్రాలు ఇసుమంత లోపలికి చూసేలా సరిచేశాడు. అన్నీ అయ్యాకే ఆ స్క్రూ ముట్టుకున్నాడు. స్టీరింగ్ సరిగ్గా మధ్యలో పెట్టి, వేలికి చిన్న బిగుతు తగిలిందాకా. అంతే, ఇంక ఒక్క చిటికెడు కూడా వద్దన్నాడు. చివర్లలో కాస్త వదులు ఉంటుంది, ఉండనీ అన్నాడు.

మొన్న కాణిపాకం తీసుకుపోయాం, కొత్త బండికి చేయించినట్టే పూజ చేయించాం. పోయేటప్పుడు నేను నడిపా. వచ్చేటప్పుడు నాన్న అడక్కుండానే తాళాలు తీసుకున్నాడు. వేలు కదిపితే బండి కదులుతోందిరా! మలుపు తిప్పి చేతులు వదులు చేస్తే స్టీరింగ్ తనే వెనక్కి వస్తోంది. నాన్న ఆ రోడ్డంతా మాట్లాడలేదు, ఊరి దగ్గరికొచ్చాక ఆ మాట అన్నాడు. అమ్మ వెనక నుంచి "ఇంక అమ్మే మాట ఎవరూ ఎత్తొద్దు" అంది. ఆ పలమనేరు పెళ్లి తర్వాత అమ్మ ఈ బండి ఎక్కడం ఇదే మొదలు.

నువ్వు సంక్రాంతికి వస్తే ఎయిర్‌పోర్టుకి రాణిగారినే తెస్తా. నువ్వే నడుపు, కానీ చెరువు పక్కకి పోనివ్వను.

ఇంకో ముఖ్యమైనది, కింగ్ పిన్లు, అంటే ముందు చక్రం ఇటూ అటూ తిరగడానికి ఆధారంగా ఉండే పిన్నులు. చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమది ఆడుతోంది. బ్రేక్ తొక్కి పట్టి ఊపి చూడాలట, అప్పుడు ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్. మాది ఆగలా. అది కూడా వచ్చే నెల భాయ్ దగ్గరే... మీ బావ వచ్చేశాడు, బయట హారన్ కొడుతున్నాడు. బుష్ ఫొటో వాట్సాప్‌లో పెడతా. ఊరిబిండి నువ్వు తిను, రూమ్మేట్లకి పంచేయకు.

నీ
గేర్ రాడ్