ఖైదీలను విడిపించండి, దేశం మాత్రం వదిలించకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. దామలచెరువు మామిడి రైతుకు ఎక్కడో రష్యా పక్కనున్న బెలారస్ దేశం సంగతులెందుకని మీ పాఠకులు అనుకోవచ్చు. మా తోపుల్లో వేసే పొటాష్‌కూ ఆ దేశపు జైళ్లకూ నేరుగా సంబంధం ఉంది కాబట్టే రాస్తున్నాను.

పొటాష్ ఎరువు కోసం మన దేశం పూర్తిగా దిగుమతుల మీదే ఆధారపడింది. రష్యా, బెలారస్, కెనడా, జోర్డాన్, ఇజ్రాయెల్ లాంటి దేశాల నుంచి ఓడల్లో రావలసిందే. కోతలయ్యాక పాదుల్లో యూరియా, సూపర్ ఫాస్ఫేట్‌తో పాటు పొటాష్ కూడా పడకపోతే మరుసటేడు కాయ బరువు తూగదు, తీపి తగ్గుతుంది. 2022లో బస్తా 1,700 రూపాయలకు ఎక్కినప్పుడు మా చుట్టుపక్కల చాలామంది సగం మోతాదుతోనే సరిపెట్టుకున్నారు. ఆ ధరకు కారణాలు చాలా ఉన్నాయి. బెలారస్ మీద అమెరికా, యూరప్ దేశాలు పెట్టిన ఆంక్షలు వాటిలో ఒకటి.

ఆ ఆంక్షలు ఊరికే రాలేదు. 1994 నుంచి గద్దె దిగని బెలారస్ అధ్యక్షుడు లుకషెంకో, 2020 ఆగస్టు ఎన్నికల్లోనూ తానే గెలిచానని ప్రకటించుకుంటే జనం వీధుల్లోకి వచ్చారు. సొలిగోర్స్క్‌లోని బెలారుస్కలీ పొటాష్ గనుల కార్మికులూ సమ్మెకు దిగారు. ఒక కార్మికుడైతే పైకి రానని భూమి లోపల గనిలోనే తనను తాను సంకెళ్లతో కట్టేసుకున్నాడు. సమ్మెలో ఉన్నవాళ్లలో కొందరికి ఉద్యోగాలు పోయాయి, కొందరు జైలుపాలయ్యారు. ఎరువుల అంగడిలో మనం డబ్బులిచ్చి తెచ్చుకునే బస్తా వెనక ఈ మనుషులు ఉన్నారు.

ఇప్పుడు ఆ పొటాష్ మీదే బేరం జరిగింది. 2025 డిసెంబరు 13న బెలారస్ 123 మంది ఖైదీలను వదిలింది, బదులుగా అమెరికా పొటాష్ ఆంక్షలు ఎత్తేసింది. అదే ఏడాది సెప్టెంబరులో 52 మందిని వదిలితే బెలారస్ విమాన సంస్థ బెలావియా మీద ఆంక్షలు పోయాయి. అంతకుముందు జూన్‌లో మరో 14 మంది బయటికొచ్చారు.

నియంతతో బేరమేమిటని కోప్పడేవాళ్లు ఉన్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. అలెస్ పుష్కిన్ అనే చిత్రకారుడు 2023 జులైలో ఖైదీగా ఉండగానే చనిపోయాడు. మారియా కొలెస్నికోవా ఫ్లూట్ వాయిద్యకారిణి, ప్రతిపక్ష నాయకురాలు. 11 ఏళ్ల శిక్ష పడింది. జైల్లో ఉండగా 2022లో ఆమె కడుపుకు ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఏడాదిన్నరకు పైగా ఆమె ఎలా ఉందో కన్నతండ్రికి కబురు లేదు. మానవ హక్కుల కోసం పనిచేసే అలెస్ బియాలియాట్‌స్కీకి 2022లో నోబెల్ శాంతి బహుమతి వస్తే, ఆయన జైల్లో ఉన్నందున భార్య వెళ్లి అందుకోవలసి వచ్చింది. డిసెంబరులో విడుదలైన వాళ్లలో కొలెస్నికోవా, బియాలియాట్‌స్కీ ఇద్దరూ ఉన్నారు. అలాంటి మనుషుల ప్రాణాల కోసం పొటాష్ ఆంక్షలు వదులుకోవడం ముమ్మాటికీ సరైన పని. సిద్ధాంతం పేరు చెప్పి, ఇంకో పదేళ్లు లోపలే ఉండండి అనే హక్కు బయట ఉన్న మనకెవరికీ లేదు.

నా అభ్యంతరం షరతుల మీద. డిసెంబరులో వదిలిన వాళ్లలో 114 మందిని ఉక్రెయిన్‌కు, తొమ్మిది మందిని లిథువేనియాకు తరలించారు. జైలు తలుపు తీసి, ఇంటికి వెళ్లే దారి మూసేశారు. 2020 సెప్టెంబరులో ఇదే కొలెస్నికోవాను బలవంతంగా ఉక్రెయిన్ సరిహద్దుకు తీసుకుపోతే, తనను పంపడానికి వీల్లేకుండా పాస్‌పోర్టును తన చేతులతోనే చించేసింది. దేశంలో ఉండే హక్కు కోసం అయిదేళ్లకు పైగా జైల్లో మగ్గిన మనిషిని, చివరికి విడుదల పేరుతో ఆ సరిహద్దే దాటించారు. దీన్ని సగం విడుదల అనాలి.

మికోలా స్టాట్కెవిచ్ అనే ప్రతిపక్ష నాయకుడు దీనికి ఒప్పుకోలేదు. సెప్టెంబరు 11న వదిలిన 52 మందిలో ఆయనా ఒకరు. దాదాపు 70 ఏళ్ల వయసు. లిథువేనియా సరిహద్దు దాకా తెచ్చిన బస్సు దిగి, నేను నా దేశం వదిలి పోనని అక్కడే నిలబడ్డాడు. కొన్ని గంటల తర్వాత మళ్లీ జైలుకే తీసుకుపోయారు.

ఈయన కథ తెలిస్తే ఈ బేరంలో లొసుగు ఎక్కడుందో అర్థమవుతుంది. 2010 డిసెంబరు అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేసిన స్టాట్కెవిచ్‌ను ఆ ఎన్నికల తర్వాత జరిగిన నిరసనల పేరుతో జైల్లో వేశారు. 2015 ఆగస్టులో ఇంకో అయిదుగురితో కలిపి వదిలారు. దాన్ని చూపించి 2016 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ లుకషెంకోతో సహా 170 మంది మీద ఆంక్షలు తీసేసింది. 2020లో ఎన్నికలు దగ్గరపడగానే ఆయన్ను మళ్లీ పట్టుకుని 14 ఏళ్ల శిక్ష వేశారు. 2025లో మళ్లీ విడుదల జాబితాలోకి ఎక్కించారు. బియాలియాట్‌స్కీ సంగతీ అంతే: 2011లో అరెస్టు, 2014లో విడుదల, 2021లో మళ్లీ అరెస్టు. ఒకే మనిషిని చూపించి రెండుసార్లు లాభం పొందారు. తప్పు చేయని పశువులను తోలుకుపోయి బందెలదొడ్డిలో కట్టేసి, విడిపించుకోవడానికి డబ్బు కట్టమన్నట్టుంది ఇది. కట్టకపోతే పశువులు చస్తాయి, కడితే రేపు ఇంకో నాలుగు తోలుకుపోతారు. 2025 డిసెంబరు విడుదల తర్వాత కూడా అప్పటికి వెయ్యికి పైగా రాజకీయ ఖైదీలు లోపలే ఉండిపోయారని బియాలియాట్‌స్కీ స్థాపించిన మానవ హక్కుల సంస్థ వియస్నా లెక్క.

మనకూ ఇలాంటి అనుభవం ఉంది. ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయిన తెలుగు నాయకులెందరో చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు జైల్లో గడిపారు. 1931 మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒడంబడిక కుదిరాక, హింసకు పాల్పడని సత్యాగ్రహులను వదిలారు. బదులుగా కాంగ్రెస్ శాసనోల్లంఘనం ఆపింది. బయటికొచ్చిన వాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లారు. దేశం వదిలి పొమ్మనే షరతు లేదు. అయినా ఏడాది తిరక్కుండా, 1932 జనవరిలో గాంధీని మళ్లీ అరెస్టు చేశారు. ఆర్డినెన్సులు తిరిగొచ్చాయి, జైళ్లు మళ్లీ నిండాయి. పట్టుకునే అధికారం చెక్కుచెదరకుండా ఉంటే మనుషులను వదలడం ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ పది నెలల్లోనే తెలిసింది.

అందుకే ఆంక్షల సడలింపు ఒక్కసారిగా ఇచ్చేది కాకుండా ఆరేసి నెలలకు పొడిగించేదిగా ఉండాలి. ఎంతమందిని వదిలారు అన్నదాంతో పాటు ఆ ఆరు నెలల్లో ఎంతమందిని కొత్తగా లోపల వేశారన్నదీ చూసి పొడిగించాలి. విడుదలైన మనిషి ఇంటికి పోవాలా, దేశం వదలాలా అన్నది ఆ మనిషి ఇష్టానికే వదిలేయాలి. చేతిలో పాస్‌పోర్టు ఉండాలి. వైద్యం కోసం బయటికి వెళ్తే తిరిగి వచ్చే హక్కుండాలి.

యూరోపియన్ యూనియన్ తన ఆంక్షలు ఇంకా తీయలేదు. ఒకప్పుడు బెలారస్ పొటాష్ వెళ్లే లిథువేనియాలోని క్లైపెడా రేవు దారి 2022 నుంచి మూసే ఉంది. ఇప్పుడు సరుకు రష్యా రేవుల మీదుగా చుట్టు తిరిగి పోతోంది. అంటే అసలు తాళం ఇప్పటికీ యూరప్ చేతిలోనే ఉంది. పై షరతులు పెట్టగలిగే స్థితిలో ఉన్నది వాళ్లే. 2016లో లాగా ఈసారి తొందరపడకూడదు.

మన ప్రభుత్వానికీ ఇందులో పాత్ర ఉంది. బెలారస్ పొటాష్ కొనే పెద్ద దేశాల్లో మనది ఒకటి. మన పన్నుల నుంచే దాని మీద సబ్సిడీ కూడా ఇస్తున్నాం. కొనడం మానేయమని నేను అనను. రైతుగా ఆ మాట అనలేను కూడా. కానీ ధర మాట్లాడుకునేటప్పుడు మన రాయబారి ఖైదీల ఊసు ఎత్తితే నష్టమేమీ లేదు. సొలిగోర్స్క్ కార్మికుల పేర్లు అడిగితే చాలు, ఎవరో తమను లెక్కలో ఉంచుకున్నారని లోపల ఉన్నవాళ్లకు తెలుస్తుంది. తిరుపతి, చిత్తూరు ఎంపీలు పార్లమెంటులో ఈ ప్రశ్న వేయాలని కోరుతున్నాను.

మీ పత్రికకూ ఒక మనవి. ఇకముందు విడుదల వార్త వేసేటప్పుడు, ఆ మధ్యలో అక్కడ కొత్తగా ఎవరెవరిని పట్టుకున్నారో, వదిలినవాళ్లను ఎక్కడికి పంపారో కూడా అదే వార్తలో వేయండి.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
దామలచెరువు, తిరుపతి జిల్లా