క్లాక్ టవర్ దగ్గరి పాత భవంతిని గజాల లెక్కన పోనివ్వకండి: పురావస్తు, సాంస్కృతిక శాఖల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మహబూబ్‌నగర్‌లో, క్లాక్ టవర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, నూరేళ్లు దాటిన ఒక భవంతి ఇల్లు అమ్మకానికి వచ్చింది. సుమారు 500 గజాల స్థలం, కిందా మీదా కలిపి పదకొండు గదులు. బేరానికి వచ్చినవాళ్లలో చాలామంది గడప దాటి లోపలికి రావడం లేదు. టేపు పట్టి వీధి వైపు ఎన్ని అడుగులుందో కొలుస్తారు, వెనక సందు వెడల్పు అడుగుతారు, వెళ్లిపోతారు. వాళ్ల మనసులో ఉన్నది కింద నాలుగు షట్టర్లు, మీద అద్దె పోర్షన్లు. ఈ ఇంటిని ఇల్లుగానే అమ్ముకునే దారి యజమానులకు చూపించమని కోరుతూ మీకు రాస్తున్నాను.

నేను ఆ వీధిలో పుట్టి పెరిగినవాణ్ణి. యజమానులను తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. అయిదుగురు తోబుట్టువుల ఉమ్మడి ఆస్తి అది. నలుగురు హైదరాబాద్‌లోనో, విదేశాల్లోనో స్థిరపడ్డారు. పెద్దక్కయ్య ఒక్కరే కింది గదుల్లో ఉంటున్నారు. వర్షాకాలం వస్తే మిద్దె ఎక్కడ కారుతుందో చూసుకుంటూ ఆ వయసులో మెట్లు ఎక్కి దిగుతున్నారు. మరమ్మతుకు అప్పు కోసం వెళితే ఒక బ్యాంకు స్థలానికి విలువ కట్టింది, కట్టడాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇంతకాలం కాపాడినందుకు వాళ్లకు దక్కింది ఖర్చే. ఇప్పుడు అమ్ముకుంటామంటే కాదనే హక్కు ఎవరికీ లేదు.

కానీ పోయేదేమిటో మీకు తెలియాలి. వీధి అరుగులు దాటి, దిడ్డి తలుపున్న టేకు దర్వాజలోంచి లోపలికి వెళితే నడుమ ఆకాశం కనిపించే భవంతి, అంటే గదుల మధ్య పైకప్పు లేని లోపలి వాకిలి. చుట్టూ నల్లబారిన టేకు స్తంభాలు, కింద షాబాద్ బండలు, మూలన ఇప్పటికీ నీళ్లున్న చేదబావి. గోడలు రెండడుగుల మందం. ఎండలు 42 డిగ్రీలు దాటే పాలమూరు మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, ఆ గదుల్లో పంకా లేకుండా నిద్రపోవచ్చు. వేడి గాలి భవంతిలోంచి పైకి పోతుంటే వీధి వైపు కిటికీల నుంచి గాలి లోపలికి వస్తుంది.

గోడలకున్నది డంగుసున్నం. నానబెట్టిన సున్నంలో ఇసుక కలిపి, ఎడ్లు తిప్పే రాతి గానుగలో రోజుల తరబడి నూరి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం చేర్చి పూసిన గచ్చు. ఇప్పటికీ అరచేత్తో రాస్తే నున్నగా తగులుతుంది. కొన్నేళ్ల క్రితం మేస్త్రీ ఒకరు ఉత్తరం గోడ పగుళ్లను సిమెంటుతో పూడ్చారు. సున్నపు గోడ తనలోని తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. ఇప్పుడు ఆ అతుకుల చుట్టూ గోడ ఉబ్బి, పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. తక్కిన మూడు గోడలు చెక్కుచెదరలేదు. ఇల్లు పాడయింది కాబట్టి కూల్చక తప్పదని ఎవరైనా మీకు చెబితే, దయచేసి ఆ ఉత్తరం గోడను ఒకసారి చూడమనండి. అది వయసు వల్ల వచ్చిన రోగం కాదు, తప్పుడు వైద్యం వల్ల వచ్చింది.

ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు, దర్వాజల బేరం మాత్రం మొదలైంది. పాత కలప కొనే వ్యాపారి వచ్చి స్తంభాలను గోటితో గీకి చూసి, దూలాలు ఎన్ని ఘనపుటడుగులు వస్తాయో కాగితం మీద లెక్క వేసుకుని వెళ్లాడు. ఇలాంటి దర్వాజలు హైదరాబాద్ చుట్టుపక్కల ఫాంహౌసులకు, రిసార్టులకు వెళ్లి గోడకు అలంకారాలవుతున్నాయి. అక్కడ వాటిలోంచి ఎవరూ రారు, పోరు.

ఊరు మారుతోందని నాకూ తెలుసు, మారాలి కూడా. పాలమూరు విశ్వవిద్యాలయం, ప్రభుత్వ మెడికల్ కాలేజీ, దివిటిపల్లిలో ఐటీ టవర్ వచ్చాయి. వలసలకు పేరుపడిన జిల్లాకు జనం తిరిగి వస్తున్నారంటే నాకంటే సంతోషించేవారుండరు. అయితే ఆ వచ్చేవాళ్ల కోసం కొత్త కాలనీలకు ఊరి చుట్టూ నేల ఉంది. 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టకముందు ఇది పాలమూరు. ఆ పాత ఊరి ఆనవాళ్లు క్లాక్ టవర్ చుట్టూ, పాత పాలమూరు వీధుల్లో తప్ప ఇంకెక్కడా దొరకవు. మా వీధిలోనే అరుగులున్న ఇళ్లు వరసగా ఉండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి.

రాజుల కట్టడాలు ఏదో విధంగా నిలిచాయి. వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ వెలిసింది. శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి నిలబెట్టిన నేల ఇది. వకీళ్లు, వ్యాపారులు, ఉద్యోగులు కట్టుకున్న ఇళ్లకు మాత్రం అడిగే నాథుడు లేడు. సామాన్యులు, ఓ మాదిరి ఉన్నవాళ్లు నిజాం కాలంలో ఎలా బతికారో చెప్పేవి ఆ ఇళ్లే కదా, కోటలు కావు.

చట్టం లేక కాదు. రాష్ట్రానికి 2017లోనే సొంత వారసత్వ చట్టం వచ్చింది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168, వారసత్వ భవనాన్ని కాపాడుకునే యజమానికి బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కులు, అంటే తన స్థలంలో కట్టకుండా వదులుకున్న నిర్మాణానికి బదులుగా వేరొకచోట కట్టుకునేవారికి అమ్ముకోగల హక్కులు, ఇవ్వవచ్చని చెబుతున్నాయి. కానీ ముందు ఆ ఇల్లు జాబితాలో ఉండాలి. మా వీధి ఇళ్లేవీ ఏ జాబితాలోనూ లేవు. ఉన్నా, ఆకాశహర్మ్యాల గిరాకీ లేని జిల్లా పట్టణంలో ఆ హక్కులు కొనేదెవరు? మరోవైపు, 2020లో టీఎస్ బీపాస్ అనే భవన అనుమతుల విధానం వచ్చాక 600 గజాల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు లోపు నివాస భవనం కట్టడానికి స్వీయ ధ్రువీకరణ చాలు. సామాన్యుడికి అది మేలే. అయితే ఆ దరఖాస్తులో పాత ఇల్లు ఎలాంటిదో ఎవరూ అడగరు. రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనూ అంతే, కట్టడం పాతబడేకొద్దీ విలువ తగ్గించి లెక్కిస్తారు. నూరేళ్ల గోడకు అక్కడ తగిన విలువ దక్కదు.

అందుకే నా మొదటి విన్నపం రిజిస్ట్రేషన్ దగ్గరే. ఇవాళ కొనుగోలుదారు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రుసుము కలిపి 7.5 శాతం కడుతున్నాడు. ఇంటిని పడగొట్టనని, డంగుసున్నంతోనే మరమ్మతు చేయిస్తానని దస్తావేజులో రాసి ఇచ్చినవారికి ఆ స్టాంపు డ్యూటీ మాఫీ చేయండి. 1899 నాటి స్టాంపుల చట్టం 9వ సెక్షన్ కింద ప్రభుత్వానికి ఆ అధికారం ఉంది. అది రెవెన్యూ శాఖ విషయమని అంటారేమో. మంత్రివర్గంలో మీరంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు, మీరు అడిగితే మాట సాగుతుంది. ఇళ్లంటే ఇష్టపడి కొనేవాళ్లు లేకపోలేదు. ధరలో ఆ కాస్త తేడా తీరితే షట్టర్ల వ్యాపారితో వాళ్లు పోటీ పడగలరు.

రెండోది, మహబూబ్‌నగర్, నల్లగొండ, నారాయణపేట, గద్వాల వంటి పట్టణాల్లో పాత వీధులు తిరిగి ఇళ్ల జాబితా తయారు చేయించండి, యజమానులను కూర్చోబెట్టుకుని, వాళ్ల సమ్మతితో. జాబితాలో చేరడమంటే ఆస్తి స్తంభించిపోవడమనే భయం జనంలో ఉంది. ఆస్తిపన్నులో రాయితీ, మరమ్మతుకు కొంత సాయం చేర్చి ఆ భయం పోగొట్టాలి. జాబితా పూర్తయ్యే వరకైనా నూరేళ్లు దాటిన ఇల్లు కూల్చేముందు మీ శాఖకు 90 రోజుల నోటీసు ఇచ్చేలా పురపాలక శాఖతో మాట్లాడండి.

ఇక ఈ ఇంటి సంగతి. మీ శాఖే దీన్ని కొన్నా, దీర్ఘకాలం లీజుకు తీసుకున్నా ఉపయోగం వెతుక్కోనక్కర్లేదు. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు మా జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్నారు, అందరూ పెద్దవయసు వాళ్లే. ఆ ఉత్తరం గోడ దగ్గరే కుర్రవాళ్లకు ఆ పని నేర్పించవచ్చు. జిల్లాలోని గుళ్లకు, కోటలకు రేపు మీకు కావలసిందీ ఆ పనివాళ్లే.

తోబుట్టువులు ఇంకా ఎవరి దగ్గరా బయానా తీసుకోలేదు. దసరాకు అందరూ ఊరికి వస్తారు, బేరం అప్పుడే తేలుస్తారని పెద్దక్కయ్య చెప్పారు. ప్రభుత్వం నుంచి ఎవరైనా వచ్చి మాట్లాడితే వింటామని కూడా అన్నారు. ఆలోపు పాత కట్టడాల పని తెలిసిన ఇంజనీరును ఒకరిని పంపించండి. ముందురోజు కబురు చేస్తే చాలు, మేడ మీది గదులు కూడా తాళాలు తీయించి ఉంచుతాం.

ఇట్లు,
క్లాక్ టవర్ ప్రాంత వాసి,
మహబూబ్‌నగర్