ఫ్రెంచ్ పురాతన వస్తువని నాకు అమ్మిన సొరుగుల బల్ల గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
కస్టమర్ ఫిర్యాదుల విభాగం,
హైదరాబాద్.

విషయం: కొత్త వస్తువును 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఫర్నిచర్‌గా అమ్మినందుకు పూర్తి సొమ్ము వాపసు కోరుతూ.

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లో నేను కొన్న రంగుల సొరుగుల బల్ల మీరు చెప్పిన కాలానిది కాదు, మీరు చెప్పిన పద్ధతిలో చేసిందీ కాదు. “పారిస్, పదిహేనో లూయీ కాలం, వెర్ని మార్తాన్ పూత, చేత్తో వేసిన చైనా దృశ్యాలు, రంగు అసలుది” అని మీ పేజీలోనూ బిల్లు మీదా ఉంది. ఆ మాటలు నమ్మే రూ. 4,80,000 చెల్లించాను. వెర్ని మార్తాన్ అంటే 18వ శతాబ్దంలో, ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ కాలంలో, పారిస్‌లో మార్తాన్ సోదరులు తయారుచేసిన వార్నిష్.

ముందు రంగు సంగతి. పాత చిత్రాలను బాగుచేసే ఒక నిపుణురాలికి దీన్ని చూపించాను. ఎక్స్‌రే పరికరంతో పరీక్షిస్తే తెల్లరంగులో టైటానియం బయటపడింది. టైటానియం తెలుపు 1910ల చివర్లో గానీ అమ్మకానికి రాలేదు. ఈ విషయం చెబితే, “తర్వాత ఎవరో టచప్ చేసి ఉంటారు” అని మీ సిబ్బంది ఫోన్‌లో అన్నారు. టచప్ అయితే పై పొరలో ఉండాలి కదా. ఇది చెక్కను అంటుకుని ఉన్న అడుగు పూతలోనే, పరీక్షించిన ప్రతిచోటా ఉంది.

ఇక చేత్తో వేశారన్న దృశ్యాలు. గొడుగు పట్టుకున్న మనిషి, వంతెన, పొడుగు తోక పిట్ట చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే మాత్రం కుంచె గీతలు లేవు, వరసలుగా రంగు చుక్కలున్నాయి. ఇది ప్రింటు. అచ్చుబొమ్మలు కత్తిరించి చెక్కమీద అంటించి, పైన వార్నిష్ వేసే పద్ధతి 18వ శతాబ్దపు వెనిస్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ ఉండేది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అప్పటివి రాగిరేకు మీద చెక్కి అచ్చువేసి, చేత్తో రంగులద్దిన బొమ్మలు. చుక్కలతో రంగులు అచ్చువేయడం 19వ శతాబ్దం చివరి నుంచి వచ్చిన పని.

పగుళ్లూ అంతే. పాత చెక్క ఏళ్ల తరబడి ఎండి కుంచించుకుపోతే పై పూత చెక్క పోగును బట్టి, అతుకులను బట్టి పగులుతుంది. ఇక్కడ పై పలక మీద, పక్కల మీద, సొరుగుల ముందు ఒకే సైజు పగుళ్లు, ఒకే దూరంలో ఉన్నాయి. పగుళ్లు తెప్పించే మందు పూసి చేసిన పని ఇది. చెయ్యి తగలని మూలల్లో రంగు అరిగిపోయింది, రోజూ పట్టుకుని లాగే పిడుల చుట్టూ చెక్కుచెదరలేదు. తయారుచేసిన వారి ముద్ర లేకపోవడాన్ని మాత్రం నేను తప్పుపట్టడం లేదు. రాజుగారి కొలువులో పనిచేసినవాళ్లు ముద్ర వేయనక్కర్లేదని నాకు తెలుసు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది వెర్ని మార్తాన్ పేరు వాడుకోవడం. మార్తాన్ సోదరులు నలుగురు: గియోమ్, ఎతియెన్ సిమోన్, జూలియెన్, రొబేర్. డచ్ కంపెనీ ఓడల్లో వచ్చే జపాన్ లక్కపూత పెట్టెల కోసం పారిస్ ధనవంతులు పోటీపడే రోజులవి. ఆ పూత ఏటికొప్పాక బొమ్మలకు వాడే లక్క లాంటిది కాదు, తూర్పు ఆసియాలో పెరిగే ఒక చెట్టు పాలు. ఆ చెట్టు యూరప్‌లో లేదు. అందుకే ఈ సోదరులు కోపల్ అనే జిగురుతో సొంతంగా వార్నిష్ తయారుచేశారు. పొర వేసి, ఆరబెట్టి, రుద్ది, మళ్లీ పొర వేసి ఆ మెరుపు తెచ్చారు. 1730లో రాజు నుంచి ప్రత్యేక హక్కు సంపాదించారు. పదిహేనో లూయీ ప్రియురాలు మదామ్ ద మయీ కోసం 1742లో షువాజీ కోటకు మాతియో క్రియార్ అనే వడ్రంగి చేసిన నీలం, తెలుపు సొరుగుల బల్ల ఇవాళ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఇత్తడి, బంగారు తళుకు లేకుండా దానికి వెండి పూత తొడుగులు వేశారు. అంత ఓపికగా చేసిన పని పేరు తెచ్చి స్ప్రే వార్నిష్ మీద అతికించడం ఆ పనివాళ్లకు అవమానం.

మీ పేజీలో ఇంకో వాక్యం ఉంది: “బయటి ప్రభావం లేని స్వచ్ఛమైన ఫ్రెంచ్ శైలి.” ఇది పూర్తిగా తప్పు. ఈ కళకు ప్రాణమే బయటి ప్రభావం. ఫ్రెంచ్ చిత్రకారులు బుషే, పియ్‌మాన్ గీసిన చైనా దృశ్యాలు అచ్చుల రూపంలో చేతులు మారి ఫర్నిచర్ మీదకు ఎక్కాయి. చైనాలో చేసిన లక్కపూత తెరలు మన కోరమాండల్ తీరపు రేవుల మీదుగా ఓడల్లో వెళ్లాయి కాబట్టి వాటికి యూరప్‌లో కోరమాండల్ తెరలనే పేరు పడింది. పారిస్ వ్యాపారులు ఇలాంటి తూర్పు దేశాల తెరలను, పెట్టెలను కోయించి, ఆ పలకలను తమ సొరుగుల బల్లలకు తాపించేవారు. బెర్నార్ వాన్ రీసెన్‌బర్గ్ లాంటి వడ్రంగులు ఆ పలకలను వంపు తిరిగిన ముందు భాగానికి అతికేలా మలిచేవారు. ఇంత చరిత్ర ఉన్న వస్తువును అమ్మేవాళ్లు కనీసం ఇదైనా సరిగ్గా రాయాలి.

చివరిగా, మీరే పంపిన దిగుమతి పత్రం. వందేళ్లు దాటిన పురాతన వస్తువులకు కస్టమ్స్‌లో 9706 అనే శీర్షిక ఉంది. మీ పత్రంలో 9403 ఉంది, అంటే మామూలు ఫర్నిచర్. కస్టమ్స్‌కు ఒక మాట, కొనేవాడికి ఇంకో మాటా?

“డెకరేటివ్ వస్తువుగా ఉంచుకోండి, తర్వాతి కొనుగోలులో తగ్గింపు ఇస్తాం” అన్న మీ ప్రతిపాదన నాకు సమ్మతం కాదు. పూర్తి సొమ్ము, రవాణా ఖర్చులతో సహా, నా ఖాతాకు జమచేయండి. వస్తువును మీ ఖర్చుతో తీసుకెళ్లండి. ఇదే వివరణతో మీ సైట్‌లో ఇంకా అమ్మకానికి ఉన్న జత అలమరాల పేజీని సరిచేయండి, లేదా తీసేయండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

బిల్లు, మీ పేజీ ప్రింటు, పరీక్ష నివేదిక, భూతద్దం కింద తీసిన ఫొటోలు, దిగుమతి పత్రం నకలు జతచేశాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు