మీ చిన్నోడు అడిగిన కార్ల షోల గురించి

ఒరే రమణా,

మొన్న మనం ఫోన్లో మాట్లాడుకుంటుంటే మీ చిన్నోడు వెనకనుంచి "శీను మామా, పాత కార్లు బాగుచేసే షోల్లో ఏది చూడాలి?" అని అరిచాడు చూడు, అప్పట్నించీ నా బుర్రలో అదే తిరుగుతోంది. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదది. నాకెంత ఇష్టమో నీకు తెలుసుగా. అందుకే కూర్చుని రాస్తున్నా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, కాఫీ పెట్టుకుని చదువు. చదివాక వాడికి నువ్వే విడమరిచి చెప్పు.

ముందు 'వీలర్ డీలర్స్'తో మొదలుపెట్టించు. ఇంగ్లండువాళ్ల షో, 2003లో వచ్చింది. మైక్ బ్రూవర్ బేరమాడి పాత కారు కొంటాడు, ఎడ్ చైనా షెడ్డులో దాన్ని బాగుచేస్తాడు, మళ్లీ మైకే అమ్ముతాడు. కథంటే అంతే. కానీ ఆ ఎడ్ చైనా ఉన్నాడే, ఆరున్నర అడుగుల మనిషి, చేతులకి నారింజ రంగు గ్లవ్స్ తొడుక్కుని పని మొదలుపెట్టాడంటే నేను కళ్లు తిప్పలేను. తలుపు కింద ఉండే పొడుగాటి రేకు పెట్టె, అదే సిల్, తుప్పు పట్టిందనుకో. పైకి రంగు బాగానే కనబడుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. మెత్తబడ్డ రేకునంతా గట్టి రేకు తగిలేదాకా కోసేస్తాడు. ఆ ఖాళీకి సరిపడా అట్ట కత్తిరిస్తాడు, అట్ట ప్రకారం రేకు కోస్తాడు, వంచుతాడు, పెట్టి చూస్తాడు, మళ్లీ తీసి కాస్త రాకుతాడు, మళ్లీ పెడతాడు. ముందు చుక్కలు చుక్కలుగా వెల్డింగు, ఎందుకంటే ఒకేసారి గీత లాగితే వేడికి రేకు మెలితిరిగిపోతుంది. ఆ తర్వాతే గ్రైండింగు. ఏ పని ఎందుకు చేస్తున్నాడో చెబుతూనే చేస్తాడు. చూసేవాడికి రేపు తనూ చెయ్యగలనన్న ధైర్యం వస్తుంది.

మా పెదనాన్న నీకు గుర్తున్నాడుగా, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన మనిషి. ఆయనకి ఇంగ్లిష్ ముక్క రాదు. అయినా మా ఇంటికి వస్తే ఈ షో వచ్చే టర్బో ఛానల్ పెట్టమనేవాడు. ఎడ్ చైనా పని ఆయనకి పూర్తిగా అర్థమయ్యేది. "ఇప్పుడు అట్ట కోస్తాడు చూడు" అని ముందే చెప్పేవాడు. ఆయనతో కూర్చుని చూశాకే నాకో కొలత దొరికింది: సౌండ్ తీసేసి చూసినా పని అర్థమవుతోందంటే అది మంచి షో. మీవాడికి ముందు ఇదే చెప్పు. సౌండ్ తీసేస్తే అరుపులూ కౌగిలింతలూ తప్ప ఏమీ మిగలని షోలు బోలెడున్నాయి.

పెదనాన్న అడిగిన ప్రశ్న ఇంకోటుంది, అది నన్ను ఇప్పటికీ వదల్లేదు. ప్రతి ఎపిసోడ్ చివరా లెక్క చూపిస్తారు: కారు ఇంతకి కొన్నాం, సామాన్లకి ఇంత అయింది, ఇంతకి అమ్మాం, ఇంత లాభం. ఆయన నాచేత ఆ లెక్క చెప్పించుకుని, "మరి ఆ పొడుగాయన కూలి ఏదిరా?" అన్నాడు. నిజమే, అందులో ఎడ్ చైనా కూలి ఉండదు. అన్ని గంటల పనికి ఖరీదు కడితే ఆ లాభం చాలాసార్లు నష్టమై కూర్చుంటుంది. ఇది ఆ ఒక్క షో సంగతే కాదు. ఇలా కొని అమ్మే చాలా షోల్లో సామాను ధర చెబుతారు, అమ్మిన ధర చెబుతారు, పట్టిన గంటలు మాత్రం సరిగ్గా చెప్పరు. పాత కారు బాగుచెయ్యడంలో అసలు ఖర్చంతా గంటల్లోనే ఉందిరా. మీవాడు టీవీ చూసి, వారంలో అయిపోతుందనుకుని ఏ పాత మస్టాంగో కొనమని నిన్ను పట్టుకుంటే, ముందు ఈ సంగతి చెప్పు.

ఎడ్ చైనా 2017లో షో వదిలేశాడు. షెడ్డులో పని చూపించే భాగాన్ని తగ్గించాలని షో తీసేవాళ్లు అనుకున్నారనీ, అది తనకి నచ్చలేదనీ తనే బయటికి చెప్పాడు. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది. ఆ షోకి ప్రాణమే ఆ షెడ్డు. తర్వాత వచ్చిన యాంట్ యాన్‌స్టెడ్ కూడా చేతిపని తెలిసినవాడే, ఆయన తర్వాత వచ్చిన మార్క్ ప్రీస్ట్లీ ఒకప్పుడు మెక్‌లారెన్ ఫార్ములా వన్ జట్టులో మెకానిక్. వాళ్లవీ బాగానే ఉంటాయి. మీవాణ్ణి మాత్రం పాతవాటినుంచే మొదలుపెట్టమను.

ఇక మీ అమెరికా షోలకొస్తా. 'ఓవర్‌హాలిన్' 2004లో మొదలైంది, దాని నాయకుడు చిప్ ఫూస్. ఇంట్లోవాళ్లు ఈ జట్టుతో కుమ్మక్కై యజమాని కారుని మాయం చేస్తారు. అతను కారు పోయిందని అల్లాడుతుంటే వీళ్లు ఓ వారంలో దాన్ని కొత్తగా కట్టి చేతికిస్తారు. ఆ ఏడిపించడం నాకెప్పుడూ నచ్చలేదు. నాన్న వదిలివెళ్లిన కారు పోయిందని మనిషి కుమిలిపోతుంటే కెమెరా పెట్టి చూపించడం ఏం పని? అయినా వదలకుండా చూశాను, ఫూస్ బొమ్మ గియ్యడం కోసం. కాగితం మీద ముందు చక్రాలు పడతాయి, తర్వాత ఒక్క గీతలో పైకప్పు, ఆపైన రంగు. రేపు షెడ్డులోంచి ఏం రాబోతోందో అక్కడే కనబడిపోతుంది. ఏడేళ్ల వయసునించే వాళ్ల నాన్న శామ్ ఫూస్ షెడ్డులో పనిచేశాడట, తర్వాత పాసడీనాలో ఆర్ట్ సెంటర్‌లో డిజైన్ చదివాడు. సుత్తీ పెన్సిలూ రెండూ వచ్చిన మనిషి అరుదురా. ఒక ఎపిసోడ్‌లో ఆయన సొంత 1956 ఫోర్డ్ ఎఫ్-100 ట్రక్కునే ఆయనకి తెలీకుండా తీసుకెళ్లి కట్టిచ్చారు. అది వెతికి చూపించు.

ఆ వారం గడువు గురించి కూడా మీవాడికి తెలియాలి. రాత్రీపగలూ ఎంతోమంది చెయ్యేస్తేనే వారంలో అవుతుంది. మామూలు షెడ్డులో ఇద్దరు ముగ్గురితో అదే పని నెలలు, ఒక్కోసారి ఏళ్లు. పైగా లప్పం, ప్రైమరు, రంగు అన్నీ ఆరాలి. పైకి ఆరినట్టున్నా లోపల ద్రావకం పోవడానికి టైం పడుతుంది. తొందరపడి పైపూత వేసేస్తే కొన్నాళ్లకి లప్పం కాస్త కుంగి, కింద రుద్దిన ఎమెరీ కాగితం గీతలు పైకి తేలతాయి. మన టింకరింగ్ మేస్త్రీలు "కారు రేపే కావాలంటే రంగు వెయ్యను" అని మొండికేస్తారు చూడు, ఆ మొండితనం వెనక ఉన్నది ఇదే.

ఫూస్ అంతకుముందు పనిచేసింది బాయిడ్ కాడింగ్టన్ దగ్గర. ఈయన డిస్నీల్యాండ్‌లో మెషినిస్టుగా ఉద్యోగం చేస్తూ ఇంటి గ్యారేజీలో హాట్ రాడ్లు, అంటే వేగం కోసం మార్చి కట్టిన పాత కార్లు, కట్టుకుంటూ పైకొచ్చాడు. జెడ్‌జెడ్ టాప్ బ్యాండు బిల్లీ గిబ్బన్స్ కోసం 1948 క్యాడిలాక్‌ని మార్చి కట్టిన 'క్యాడ్‌జిల్లా' ఆయన షాపులోదే, డిజైన్ లారీ ఎరిక్సన్‌ది. కారంతా కరిగినట్టు, సాగినట్టు ఉంటుంది, ఫొటో చూడు. ఆయన షో 'అమెరికన్ హాట్ రాడ్'. కార్లు అద్భుతం, కానీ గొడవలు ఎక్కువ. పెదనాన్న కాసేపు చూసి, "పని చూపించకుండా ఎందుకురా అరుచుకుంటారు?" అని లేచిపోయాడు. కాడింగ్టన్ 2008 ఫిబ్రవరిలో పోయాడు, షో కూడా ఆ ఏడాదే ఆగిపోయింది.

'పింప్ మై రైడ్' వదిలెయ్. టీవీలూ స్పీకర్లూ తప్ప ఇంజన్ వైపు కెమెరా పోయిందే తక్కువ. 'ఫాస్ట్ అండ్ లౌడ్' డల్లస్‌ది, ఆరన్ కాఫ్‌మన్ ఉన్నంతకాలం ఇంజన్ పని చూడొచ్చు, ఆయన 2017లో వెళ్లిపోయాడు.

హాట్ రాడ్ అంటే ఏంటో మీవాడికి ఎవరైనా చెప్పారో లేదో. మీరుండే డెట్రాయిట్‌కీ దానికీ దగ్గర సంబంధం ఉందిరా. ఫోర్డ్ కంపెనీ 1932లో మామూలు జనం కొనగలిగే ధరకి వి-8 ఇంజన్ పెట్టి కారు దింపింది, 65 హార్స్‌పవర్. అవి పాతబడి చవగ్గా దొరుకుతుంటే కాలిఫోర్నియా కుర్రాళ్లు మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, ఇంజన్లకి పదునుపెట్టి ఎండిపోయిన చెరువుల మీద పందేలు వేసుకునేవాళ్లు. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అక్కడివే. 1937లో ఆ కుర్రాళ్ల క్లబ్బులు కొన్ని కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యంలో మెకానిక్ పని నేర్చుకుని తిరిగొచ్చినవాళ్లు చేరేసరికి ఊపందుకుంది. 1948 జనవరిలో హాట్ రాడ్ పత్రిక కూడా వచ్చింది.

పైకప్పు దించడం ఎలా చేస్తారో మాత్రం మీవాడు తప్పకుండా చూడాలి. వాళ్లు చాప్ అంటారు. 1932 ఫోర్డ్‌కి అద్దం పక్క కంబాలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి మధ్యలో నాలుగంగుళాలు కోసి కప్పుని కిందికి దించితే పైముక్కా కిందిముక్కా ఎదురెదురుగా వస్తాయి. అదే 1949 మెర్క్యురీ అనుకో, కంబాలు వెనక్కి వాలి ఉంటాయి. నాలుగంగుళాలు దించగానే పైముక్క కిందిముక్కకి వెనకపడిపోతుంది. అప్పుడు కంబాన్ని ఇంకా వాల్చాలి, లేదంటే కప్పునే అడ్డంగా కోసి మధ్యలో రేకు కలిపి పొడిగించాలి. అద్దాలు కూడా కొత్త కొలతకి కోయించాలి. ఇప్పటి లప్పాలు లేని రోజుల్లో ఆ అతుకులన్నిటి మీదా సీసం కరిగించి చెక్క పట్టీతో పరిచేవాళ్లు, తర్వాత ఆకురాయితో రాకేవాళ్లు. ఎక్కువ వేడిచేస్తే కారిపోతుంది, తక్కువైతే అంటుకోదు. దాన్ని నిలువు రేకు మీద నిలబెట్టగలిగిన చేతులకి దణ్ణం పెట్టాలిరా.

నా మనసుకి బాగా దగ్గరైంది 'కార్ ఎస్ఓఎస్'. 2013లో మొదలైన ఇంగ్లండు షో, టిమ్ షా, ఫజ్ టౌన్‌షెండ్ నడుపుతారు. జబ్బుచేసో, కష్టాలొచ్చో కారు పని మధ్యలో ఆపేసినవాళ్లుంటారు, అది గ్యారేజీలో తుప్పు పడుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు రహస్యంగా ఉత్తరం రాస్తే వీళ్లొచ్చి తీసుకెళ్లి బాగుచేసి ఇస్తారు. ఇక్కడ అమ్మకం లేదు, లాభం లెక్క లేదు. తుప్పుని మాత్రం ఎంత ఉంటే అంత చూపిస్తారు, ఏ రేకు ఎక్కడ కలిపారో చూపిస్తారు. సౌండ్ తీసేసి చూసినా కళ్లు చెమర్చే షో ఇదొక్కటే.

మన దగ్గర హాట్ రాడ్లలా కార్లు మార్చి ఎందుకు కట్టరని మీవాడు అడుగుతాడు. చేతుల్లేక కాదు, ఆటోనగర్‌లో కట్టలేని బాడీ ఉందా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రోడ్డు మీద అందరి భద్రత చూడాలి కాబట్టి నాకు అందులో తప్పు కనబడదు. అయితే ఉన్నది ఉన్నట్టు నిలబెట్టుకునేవాళ్లకి 2021లో దారి చూపించారు: యాభై ఏళ్లు దాటిన సొంత బండికి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి పనికిరాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటివాటికే. పెదనాన్న షెడ్డులో పాత ఫియట్ ఉంది కదా, దానికి ఇది తెచ్చుకోవాలని మేమిద్దరం పట్టుదలగా ఉన్నాం. ఇంజన్ బోరుకొచ్చింది, అది పెద్ద విషయం కాదు, లేత్ దగ్గర అయిపోతుంది. కింది రేకే పని. ఆయన ఇప్పటికే అట్టలు కోసి గోడకి తగిలించాడు.

ఇప్పుడు నీ వంతు. నువ్వు ఉన్నది డెట్రాయిట్ పక్కన, ఇన్నాళ్లూ ఆటోరామా కార్ల ప్రదర్శనకి వెళ్లలేదంటే నేను ఒప్పుకోను. 1953 నుంచీ జరుగుతోందది, చలికాలం చివర్లో, ఊళ్లో నది ఒడ్డున హంటింగ్టన్ ప్లేస్‌లో. అక్కడే రిడ్లర్ అవార్డు ఇస్తారు, 1964 నుంచి. అంతకుముందు ఎక్కడా ప్రదర్శించని కారే దానికి పోటీపడాలి, ముందు ఎనిమిది కార్లు ఎంచి అందులోంచి ఒకటి తీస్తారు. ఫూస్ కట్టినవి నాలుగుసార్లు గెలిచాయి, 2015లో గెలిచిన 'ఇంపోస్టర్' పైకి 1965 ఇంపాలా, కింద 2009 కార్వెట్. టీవీ వారంలో చూపించే పనికి నిజంగా ఏళ్లు ఎందుకు పడతాయో మీవాడు అక్కడ కళ్లతో చూస్తాడు. కింది అంతస్తు వదలొద్దు, రంగు కూడా వెయ్యని, సొంత చేతులతో కట్టుకున్న హాట్ రాడ్లు అక్కడుంటాయి, కట్టినవాళ్లు పక్కనే కూర్చుని ఉంటారు. ఎన్ని గంటలు పట్టిందని మీవాణ్ణి అడగమను, సంతోషంగా చెబుతారు. ఆగస్టులో మూడో శనివారం పాత కార్లన్నీ రోడ్డెక్కే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ కూడా ఉంది, రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, టికెట్ కూడా లేదు.

వెళ్తే ఫొటోలు పంపు. పైనుంచి తీసినవి నాకు నెట్‌లో దొరుకుతాయి. కార్ల కింద అద్దాలు పెట్టి ఉంచుతారు, వాటిలో కనబడే అడుగుభాగం తియ్యి, దగ్గరగా, వెల్డింగ్ అతుకులు కనబడేలా. పెదనాన్న అవే కావాలన్నాడు. చెల్లాయిని అడిగానని చెప్పు, చిన్నోడికి ముద్దులు.

నీ
శీను